పసుపు పూసిన గాజుగొట్టాలు

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కరువుండదు. కొండకు పోయే ప్రతివాళ్ళకూ అలిపిరి దగ్గర ఒక స్నానం, ఒక కాఫీ, సంచులు పెట్టుకోవడానికి ఒక మూల కావాలి. దిగివచ్చాక వాటికి బదులుగా ఒక లడ్డూ ముక్క, బోలెడు సలహాలు ఇచ్చిపోతారు. లడ్డూ మా అవ్వ తినేది. సలహాలు నా పాలబడేవి.

ఎందుకంటే నేను బడికి పోని పిల్లను. ఎనిమిదో తరగతిలో, తెల్లారకముందే మొదలై చీకటిపడ్డాక గానీ వదలని బడిలో, ప్రార్థన వరుసలో కళ్ళు తిరిగి పడిపోయాను. నాయన వచ్చి నన్నూ నా సంచినీ స్కూటరెక్కించుకుని ఇంటికి తెచ్చేశాడు, మళ్ళీ పంపలేదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించి, సైన్సు తనే చెబుతానన్నాడు. ఎప్పుడో బీయస్సీ చదివి ఏదో ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్న మనిషి. అంత సాహసం చేసినవాడు నగరిలో ఉన్న తన అన్నకు, అంటే మా పెదనాయనకు, నిజం చెప్పడానికి మాత్రం జంకాడు. పాపకు కామెర్లు అని చెప్పాడు.

ఇక చూడండి. వచ్చిన చుట్టమల్లా నా కనురెప్ప కిందికి లాగి, "ఇంకా పచ్చగానే ఉండాది" అని తేల్చడం, ఏదో ఆకు పసరు నా నోట్లో పోయడం. నా కళ్ళు మల్లెపూవంత తెల్లగా ఉండేవి. ఏం కనబడాలో ముందే చెప్పిపెట్టినవాళ్ళకు ఇక కళ్ళతో పనేముంది?

నాయన పాఠానికి మాత్రం ఒకటే షరతు. "సూడకుండా రాయొద్దు పాపా. నువ్వు సూసిందే రాయి. పుస్తకంలో వేరేగా ఉంటే, ఎందుకట్లుండాదో అడుగు." మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడ మా ప్రయోగశాల. మందారపూలు ఉడకబెట్టిన నీళ్ళలో నిమ్మరసం పిండేవాళ్ళం, వంటసోడా వేసేవాళ్ళం, రంగు మారితే ఇద్దరం కేకలు పెట్టేవాళ్ళం. ఒకసారి, చుట్టాలు గడప దాటగానే అవ్వ నాకు ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా, అవే. ఆమె వీధిలో పారబోసేలోపు నాయన ఒక గ్లాసుడు ముంచుకొచ్చి నిమ్మకాయ పిండాడు. ఎరుపు పోయి మళ్ళీ పసుపుపచ్చ. బయటికి పోయే దిష్టిని ఇంట్లోకి తెచ్చారని అవ్వ లబలబలాడింది. నేను మాత్రం ఆ రోజు కెమిస్ట్రీ అంటే ఏమిటో తెలుసుకున్నాను, చెప్పలేనంత సంతోషపడ్డాను.

కామెర్ల కథ ఎంతకాలం నిలుస్తుంది? పెదనాయన ఒకసారి చెప్పకుండా దిగి, మిద్దె మీదికి వచ్చి మా సీసాలు చూశాడు.

"సదువుకోవాల్సిన బిడ్డ చేత నిమ్మకాయలు పిండిస్తా ఉండావా అప్పా?" అని నాయనను నిలదీశాడు. పోతూ పోతూ తీర్పు చెప్పాడు. "పదిలో సైన్సు తప్పినాదంటే హాస్టల్లో వేసేది. పాసయినాదంటే నేను నోరెత్తను."

నాయన తలూపాడు. అన్న ముందు ఆయన తలకు అడ్డంగా ఊగడం తెలియదు. నేను పడిపోయిన బడిలాంటిదే, దాన్ని మించినదే ఆ హాస్టలు. ఆ మిద్దె నాకు ఉంటుందా ఊడుతుందా అన్నది ఒక్క పరీక్ష మీద నిలబడింది.

ప్రాక్టికల్ పరీక్ష ఊళ్ళోనే ఒక కాలేజీలో పెట్టారు. ల్యాబు గుమ్మానికి ఆయుధపూజ నాటి బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. దసరాకు తాళం వేసిన తలుపు మళ్ళీ ఆ వేసవిలో మా కోసమే తీశారన్నమాట. లోపల మైక్రోస్కోపుకు కంటి మీదే కుంకుమ బొట్టు. అందులోంచి చూస్తే ఏ సూక్ష్మజీవైనా ముత్తయిదువలాగే కనబడుతుంది. టెస్ట్ ట్యూబుల మూతులకు పసుపు దట్టంగా పూసి ఉంది. తుడుద్దామంటే అటెండరు, "పూజ చేసింది తుడవగూడదు మే" అని కసిరాడు.

ప్రయోగం చిన్నదే. గొట్టంలో కాస్టిక్ సోడా పోసి, ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగు రావాలి. ఆసిడ్ చుక్కలు వేస్తూ పోతే ఆ రంగు పోవాలి. నాకు రక్తంలాంటి ఎరుపు వచ్చింది. ఆసిడ్ వేస్తే పసుపుపచ్చ అయింది. చుట్టూ చూశాను. ప్రతివాడి చేతిలోనూ పసుపుపచ్చ గొట్టమే. ప్రతివాడూ బోర్డు మీద ముందే రాసిపెట్టిన జవాబు చూసి "గులాబీ రంగు పోయి రంగులేని ద్రావణం ఏర్పడినది" అని దించుతున్నాడు. మా చుట్టాలందరినీ ఒకేచోట చూసినట్టనిపించింది.

"సార్, నాది ఎర్రగా వచ్చి పచ్చగా అయినాది," అన్నాను.

ఎగ్జామినరు తలెత్తలేదు. "బోర్డు మీదుండేది రాయి."

"అది నా గొట్టంలో లేదు సార్. మూతికి పసుపు పూసినారు, అది లోపలికి దిగినాది. అందుకే."

"సున్నా వేసేస్తా. ఏ బడి మే నీది?"

"ఇల్లు సార్."

అందరూ నవ్వారు. నాకు హాస్టలు గుర్తొచ్చింది. బోర్డు చూసి ఒక్క వాక్యం రాస్తే గండం గడుస్తుంది. కానీ ఆ మనిషి మీద, ఆ బోర్డు మీద కలిగిన అసహ్యం భయాన్ని మించిపోయింది. కుళాయి దగ్గర ఒక గొట్టాన్ని రుద్ది కడిగి మళ్ళీ చేశాను. ఈసారి గులాబీ వచ్చింది, పోయింది. రెండూ రాశాను, ఎందుకో కూడా రాశాను. ఇచ్చేసరికి ఆయనకు భోజనం క్యారియరు వచ్చింది. నా కాగితం మిగతావాటి కిందికి పోయింది.

మార్కులొచ్చాయి. ప్రాక్టికల్లో అందరికీ ఒకటే మార్కులు, రాయకుండా లేచిపోయినవాడికి కూడా. నిజం రాసినందుకు శిక్షా పడలేదు, మెప్పూ దక్కలేదు, ఎవడైనా చదివితే కదా! సైన్సు రాతపరీక్షలో మాత్రం పెదనాయన పిల్లలకు ఎన్నడూ రానన్ని వచ్చాయి. నాయన పసుపు సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆ వారమే పెదనాయన వచ్చాడు. నోరెత్తనన్న నోరే ఎత్తాడు. "ఇంట్లో నిమ్మకాయలు పిండితేనే ఇన్ని మార్కులొస్తే, హాస్టల్లో వేస్తే ఎన్ని రావల్ల! చిత్తూరు దగ్గర సీటు మాట్లాడేసినా."

నాయన నా వైపు చూడలేదు. "అట్లనే లేన్నా," అన్నాడు.

ఆయన వెళ్ళాక అడిగాను. "నాయనా, ఆడ ల్యాబు సూసినావా?"

"అన్న సూసొచ్చినాడంట. శానా బాగుండాదంట పాపా," అన్నాడు నాయన.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మిద్దె మీదికి పోయి సీసాలన్నీ కడిగి బోర్లించాను.

హాస్టల్లో దసరా దాకా ఆ ల్యాబు తలుపు తీయలేదు. ఆయుధపూజనాడు తీసి, ఆడపిల్లనని పసుపు గిన్నె నా చేతికే ఇచ్చారు. ఆ సాయంత్రం వార్డెను ఫోన్లో నాయన మాట్లాడాడు.

"ల్యాబు బాగుండాదా పాపా?"

"నా సేత్తోనే పసుపు పూసొచ్చినా నాయనా," అన్నాను.