బెరడు గీకే గోరు

ఏన్కూరు అవతల, అడవి అంచున బసవపున్నయ్య వేసిన ద్రాక్షతోటకు ఆ ఎండాకాలం బావిలో బురద తప్ప నీళ్లు మిగల్లేదు. పొద్దున్నే ముఖమైనా కడగకుండా ఆయన పందిరి కిందికి దూరి, బొటనవేలి గోటితో ఒక్కో మొదలు మీదా బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా కనబడితే, మనవడు పుట్టినంత సంబరంగా పంచె ఎగ్గట్టి ఇంకో మొదలు దగ్గరికి నడిచేవాడు. ఆ గోరు తీయడానికి మంగలికి కూడా చెయ్యి అందించేవాడు కాదు.

"ఏంది పటేలా, తీగలకు గజ్జి లేచిందా, గట్ల గీకుతున్నవ్?" అనేవాడు తండా నుంచి పనికొచ్చే భద్రు.

"నవ్వరా నవ్వు. పళ్లొచ్చాక నీకు గింజలే పెడతా!"

ఒక పొద్దున ఆకులన్నీ నేల మీద ఉన్నాయి. బసవపున్నయ్య ఒక మొదలు గీకాడు. లోపల పచ్చగానే ఉంది.

"చావలేదే! మొదలు బతకాలని ఆకుల్ని వదిలేసుకుంది!" అని అరిచాడు.

పేడ ఎత్తుతున్న భార్య సుశీలమ్మ నవ్వలేదు. "భద్రు మోసుకొచ్చే నీళ్లు మనకీ గొడ్లకీ చాలట్లేదు. మరి మనం దేన్ని వదిలేసుకుందామండీ?" అంది.

కొట్టం దగ్గర ముసలెద్దు ఎండిన కుడితితొట్టి అడుగు నాకుతోంది. బసవపున్నయ్య దగ్గరికెళ్లి నిలబడ్డాడు. అలవాటైన గోరు దాని మెడ మీద మెల్లగా గీకింది. ఎద్దు కళ్లు మూసుకుని, ఇంకా గీకమన్నట్టు మెడ చాచింది.