నాగరత్నం టీచరు చెప్పిన ఈస్టరు పాఠం

1979లో సామర్లకోట బజారులో, గున్నేశ్వరరావుగారి కిరాణా కొట్టు పైనున్న మేడగదిలో ఒక ఇంగ్లీషు బడి ఉండేది. నడిపేది ఆయన కోడలు నాగరత్నం. బి.ఏ. చదివిన పిల్ల మధ్యాహ్నాలు నిద్రపోతోందని ఆయనే గది ఇచ్చారు. ఇస్తూ ఒకే షరతు పెట్టారు: నీచు మెట్లెక్కకూడదు. ఎక్కిన రోజున బల్లలు కిందికి దిగుతాయి. ఆ ఇంట్లో ఆ గది తప్ప తనదంటూ ఏమీ లేదు కాబట్టి నాగరత్నం మెట్ల విషయంలో జాగ్రత్తగానే ఉండేది.

చిక్కు పుస్తకంతో వచ్చింది. ఇంగ్లీషు వాచకం చివర్లో దేశదేశాల పండగలున్నాయి. పండగ చేసి చూపిస్తేనే పిల్లల నోట మాట నిలుస్తుందని ఆవిడ నమ్మకం. రంజాన్ పాఠానికి సేమియా వండింది. చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి ఎర్ర కాగితం దీపాలు కట్టించింది. తర్వాతి పేజీ ఈస్టరు. తెల్లదొరల పిల్లలు వరసగా కూర్చుని కోడిగుడ్లకి రంగులేస్తున్న బొమ్మ.

పేజీ తిప్పేద్దామంటే తండ్రులు ఊరుకోరు. వ్యాపారస్తులు, కొన్న పుస్తకంలో ఒక్క పాఠం తగ్గినా అడుగుతారు. ఆలోచించి ఆలోచించి నాగరత్నం గుండ్రటి తెల్ల వంకాయలు తెప్పించింది. తొడిమలు తుంచి తలోటీ ఇచ్చి, ఇవి ఎగ్స్ అనుకోమంది. పిల్లలు అనుకున్నారు.

రంగులంటే ఇంట్లో ఉన్నవే, పసుపూ కుంకుమా. వాళ్ళమ్మలు గడపలకీ కాటాలకీ చేసినట్టే పిల్లలు వంకాయకి పసుపు రాసి బొట్లు పెట్టారు. క్లాసులో క్రైస్తవుల పిల్ల ఒక్కతే, ఆసుపత్రిలో నర్సు ఏసమ్మగారమ్మాయి రూతు. పక్కవాళ్ళని చూసి తనూ పెట్టింది.

ఇళ్ళకి పట్టుకెళ్ళారు. పసుపూ కుంకుమా ఉన్న వంకాయని కోయడానికి ఏ తల్లికీ చెయ్యి రాలేదు. దేవుడి గూట్లో పెట్టి, ఎందుకైనా మంచిదని దీపం కూడా వెలిగించారు. మర్నాడు కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు దీనికి నైవేద్యం ఏంటని, ఉద్యాపన ఎప్పుడని గున్నేశ్వరరావుగారిని అడగడం మొదలెట్టారు. ఆయన బెల్లం తూస్తూ, కనుక్కుని చెబుతానన్నారు. కనుక్కోడానికి మేడెక్కారు.

"ఏంటమ్మాయ్, వంకాయ వ్రతం అంటున్నారు. మనలో ఉందా అది?"

ఉందంటే సరిపోతుంది. మావగారు సంతోషంగా దిగుతారు, బల్లలు పైనే ఉంటాయి. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కాని ముందు బల్ల మీద కూర్చున్న రూతు ఆవిడ మొహంలోకే చూస్తోంది. పండగ ఆ పిల్లది.

"వ్రతం కాదండి మావయ్యగారూ. ఈస్టరు, రూతూవాళ్ళ పండగ." పుస్తకం తెరిచి ఆయన చేతికిచ్చింది. "ఇవి కోడిగుడ్లండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మని చాలాసేపు చూశారు. మీరూ ఇలాగే చేస్తారా అని రూతుని అడిగారు.

"లేదండి షావుకారుగారూ. మేం గుడ్లు కూరొండుకుంటామండి, రంగులెయ్యం. ఆ రోజు చీకటుండగానే లేచి సమాధుల దగ్గరికెళ్తామండి. పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా నాన్నగారు అక్కడే ఉన్నారండి."

బజారు ఇళ్ళల్లో పిల్లల ముందు ఆ చోటు పేరే ఎత్తరు. వంకాయతో పోయేదాన్ని ఇక్కడిదాకా తెచ్చుకున్నానని నాగరత్నం బల్లల వంక చూసింది.

"గుడ్డు మెట్లెక్కలేదు కదా?" అన్నారాయన చివరికి.

"లేదండి."

"బొమ్మకి నీచేముంది." పుస్తకం మూసి ఇచ్చేశారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ఆ కొవ్వొత్తులు మీ అమ్మ ఎక్కడ కొంటుందని రూతుని అడిగారు. స్టేషను దగ్గరంది. ఈసారి మన కొట్టుకి రమ్మన్నారు.

కింద ఆడవాళ్ళతో, అది వ్రతం కాదు ఇంగ్లీషని, వండుకోవచ్చని చెప్పారు. ఎవరూ వండలేదు.

మర్నాడు నాగరత్నం ఆ పాఠం మళ్ళీ చెప్పింది, రూతుని పక్కన నిలబెట్టుకుని. కాండిల్, ఫ్లవర్, గ్రేవ్. పిల్లలు మేడ అదిరేలా వల్లించారు. సాయంత్రం ఒక తల్లి మెట్లెక్కి వచ్చి, మావాడు అన్నం దగ్గర కూడా గ్రేవ్ గ్రేవ్ అంటున్నాడు, ఏంటండి అది అని అడిగింది. సమాధి అని చెప్పింది నాగరత్నం.

"పిల్లాడికి తలస్నానం చేయించాలాండి?"

"అక్కర్లేదండి," అంది నాగరత్నం. "పాఠంలో మాటే."

పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు.