పుష్పమ్మ చెప్పిన ప్రార్థన మనవి

ఆకివీడు చేపల షెడ్డులో ఐసు కొట్టి పెట్టెలకెత్తే ఆడవాళ్లలో పుష్పమ్మంత నోరున్న మనిషి ఇంకొకరు లేరు. మధ్యాహ్నం కారియరు విప్పిందంటే చాలు, ముందురోజు సీరియల్ మీద పంచాయితీ పెట్టేసేది. ఆ సీరియల్లో ఫణీంద్ర అనేవాడు దొంగ సంతకంతో అన్న ఆస్తంతా కాజేశాడు. అదే ఫణీంద్ర, అన్న కూతురు చావుబతుకుల్లో ఉందనగానే, తన కిడ్నీ ఇస్తానని ఆసుపత్రి మంచమెక్కాడు.

"వాడిదేం ప్రేమే! అన్న గొంతు కోసినోడు" అనేది పక్కన కూర్చుని తినే అచ్చాయమ్మ.

"కోసినోడే ఇస్తన్నాడు గదా, మరి దాన్నేమంటావు?" అని పుష్పమ్మ పోట్లాటకు దిగేది.

ఆ వెనకేసుకురావడం ఎందుకో షెడ్డులో అందరికీ తెలుసు. ఆమె భర్త రాజరత్నం చేపల లారీ డ్రైవరు. ఎనిమిదేళ్ల కిందట తాడేపల్లిగూడెంలో ఇంకొకామెతో కాపురం పెట్టేశాడు. సిగ్గూ శరమూ లేని మనిషి! కానీ కొల్లేరు పొంగి, మండవల్లి పక్కనున్న వీళ్ల ఊరు మునిగినప్పుడు మెడలోతు నీళ్లలో నడిచొచ్చి, మంచాన పడ్డ పుష్పమ్మ తల్లిని భుజాన మోసి గట్టుకు చేర్చినవాడూ ఆయనే. నీళ్లు తీశాక ఇంటిమీద రేకులు బిగించి, గుమ్మం బయటే నిలబడి మంచినీళ్లు తాగి, మళ్లీ గూడెం వెళ్లిపోయాడు. అలాంటివాణ్ని ఏమని తిట్టాలో, ఏమని తలుచుకోవాలో పుష్పమ్మకు ఇప్పటికీ తేలలేదు.

ఈ మధ్య రాజరత్నానికి గుండె జబ్బు బయటపడింది. రెండు వారాల్లో ఏలూరులో ఆపరేషన్ అన్నారు. అది విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. వాళ్లు వెళ్లే ఏసుప్రభువు గుడిలో ఆదివారంనాడు ఎవరి కష్టం వాళ్లు లేచి చెబితే, సంఘమంతా మోకరించి ప్రార్థన చేస్తుంది. ఆయన కోసం ఆ ఒక్క ప్రార్థన జరిగితే చాలనుకుంది. సంఘపెద్ద జాషువాను ముందుగా అడిగితే, ఆయన ససేమిరా అన్నాడు.

"పెళ్లాన్నొదిలేసినోడి పేరు సంఘంలో ఎత్తితే పిల్లలకి ఏం బుద్ధి చెప్పినట్టమ్మా?" అన్నాడు.

అయినా ఆ ఆదివారం పుష్పమ్మ లేచింది. రాజరత్నం అనబోతూ జాషువా మొహం చూసింది. అంతే, "ఫణీంద్ర గారనీ... ఆపరేషనండీ" అనేసింది. నోటివెంట ఏ పేరు వచ్చిందో కూర్చున్నాక గానీ ఆమెకే తెలియలేదు.

ఎవరాయనని ఒక్కరూ అడగలేదు. తెలిసినవాళ్లెవరో అనుకున్నారు. జాషువాయే గొంతెత్తి, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ప్రార్థించాడు. ఆడవాళ్లు శుక్రవారం ఉపవాసం కూడా ఉన్నారు పాపం! ఆ సాయంత్రం ఉపవాసం విడిచి టీవీ పెట్టిన జాషువా కోడలు బ్లెస్సీ, "మావయ్యగారూ, మనం ప్రార్థన చేసింది ఈయనకేనండీ!" అంటూ నవ్వాపుకోలేక నేలమీద కూలబడింది.

మరుసటి ఆదివారం జాషువా నిప్పులు కక్కాడు. "ఆరాధనంటే ఆటలనుకున్నావా? అందరి ముందూ క్షమాపణ చెప్పు. లేదంటే ప్రభువు బల్లలో నీకు చోటు లేదు, రొట్టె, ద్రాక్షరసం ముట్టనివ్వను."

పుష్పమ్మ లేచింది.

"తప్పేనండీ. లేని మనిషి పేరు చెప్పాను, క్షమించండి. కానీ ఒక్క మాటండీ పెద్దయ్యగారూ. ఆ ఫణీంద్ర మంచోడో చెడ్డోడో మీరు అడిగారా? అడక్కుండానే ఏడ్చారు. టీవీలో మనిషికి వచ్చిన కన్నీళ్లు, ఆసుపత్రిలో ఉన్న మనిషికి రావాండీ?"

"అంటే అన్నీ మర్చిపోయి ఇంట్లోకి రానిస్తావా? అంత ప్రేమా?" అన్నాడు జాషువా.

"రానివ్వను! బతికొచ్చినా నా గుమ్మం ఎక్కనివ్వను. నన్నొదిలేసిందీ ఆయనే, మా అమ్మని మోసిందీ ఆయనే. ఒకటుంచి ఒకటి చెరిపేయమంటే నా వల్ల కాదండీ. ఆయన చచ్చిపోకూడదు, అంతే. దీన్ని ప్రేమంటారో పిచ్చంటారో, పేరు మీరే పెట్టుకోండి."

పుష్పమ్మ సంఘం వైపు తిరిగింది.

"ఇదిగో, మనవి చెప్తున్నాను. పేరు రాజరత్నం. ఏలూరు ఆసుపత్రి. ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషన్."

బల్ల ఇస్తారో మానేస్తారో చూడకుండా చాపమీద మోకరించింది. ముందు బ్లెస్సీ, కొంగు నెత్తిన కప్పుకుని, ఆమె పక్కన మోకరించింది. తర్వాత ఆడవాళ్ల వైపంతా మోకాళ్లమీదికి దిగింది. జాషువా ఒక్కడే నిలబడి ఉన్నాడు. పుష్పమ్మ కళ్లు తెరిచి ఆయనవైపు చూసింది.

"కానివ్వండి పెద్దయ్యగారూ. పోయిన వారం చేసినట్టే, గట్టిగా" అంది.