సోఫియా డబ్బాలో వినాయకుడు

నిర్మాత కాశీవిశ్వనాథం గారు ఆ ఉదయం కూర్చున్నది కుర్చీలోనే. అందులో ఎవరికీ సందేహం లేదు. కాకపోతే ఆ కుర్చీలో అప్పటికే కొబ్బరి చట్నీ కవరు ఒకటి ఉంది. కింద మెత్తగా తగిలేసరికి, ప్రొడక్షన్ వాళ్ళకి తనమీద గౌరవం పెరిగి దిండు వేశారని ఆయన అనుకున్నారట. పట్టు పంచె లోపలికి చల్లదనం చేరాక ఆ గౌరవం మీద అనుమానం వచ్చింది.

ప్రొడక్షన్ మేనేజరు ఓదెలు తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"సార్, సార్! ఆ కుర్చీ ఖాళీ లేదు సార్. టిఫిన్లు దించేటప్పుడు చట్నీ ఆడ పెట్టిన."

అని, లేచి నిలబడ్డ నిర్మాతగారి వెనక నుంచి కుర్చీ మీద తువ్వాలు పరిచాడు.

"ఇప్పుడేస్తే ఏం లాభమయ్యా?" అన్నారాయన, పంచె వెనక భాగాన్ని చూసుకోవడానికి మెడ తిప్పుతూ.

"మల్ల ఇంకెవరన్న కూసుంటరేమోనని సార్."

అది ఆయన కొత్త సినిమా ముహూర్తం. జూబ్లీహిల్స్‌లో కిరాయికి తీసుకున్న బంగళా, బంతిపూల దండలు, వినాయకుడి పటం, దాని ముందు కెమెరా. చట్నీ సంగతి అక్కడితో అందరూ మర్చిపోయేవారే. కానీ ఆ ఉదయం అందరూ మర్చిపోలేని పని ఇంకొకటి జరిగింది. అది చేసింది మా సోఫియా డబ్బా.

డబ్బా అంటే సెట్లో దర్శకుడి ముందు పెట్టే పెట్టె. కెమెరాలో పడే బొమ్మని అప్పటికప్పుడు తెరమీద చూపిస్తుంది, దాచుకుంటుంది, షాట్ అయ్యాక మళ్ళీ వేసి చూపిస్తుంది. షేక్‌పేట వైపు దిగే వాలులో, టైలరు షాపు పైన ఉన్న మా చిన్న కంపెనీలో అలాంటిదొకటి తయారు చేశాం. చేశాం అని నేనంటున్నాను గానీ చేసింది సోఫియా. నేను డబ్బా మోసుకెళ్ళి, నాలుగు గొప్పలు చెప్పి, దగ్గరుండి టీ తాగి వచ్చేవాణ్ణి. అంతవరకు ఒక్క సినిమా వాళ్ళూ దాన్ని తీసుకోలేదు. కాశీవిశ్వనాథం గారిదే మొదటిది.

ముహూర్తం సమయానికి దర్శకుడు డబ్బా స్విచ్ వేశాడు. తెరమీద వినాయకుడు కనిపించాడు. అందరూ దండం పెట్టారు. వినాయకుడు మాయమయ్యాడు. తెర నల్లబడింది. మళ్ళీ కనిపించాడు. మళ్ళీ దండం పెట్టారు. మళ్ళీ మాయమయ్యాడు. మూడోసారికి కొందరు లెంపలు వేసుకున్నారు. ఆ తర్వాత దండాలు ఆగిపోయాయి, చూపులన్నీ నావైపు తిరిగాయి. నేను ప్లగ్ మార్చాను. ఆ బంగళాలో ఉన్న ప్లగ్గులన్నీ మార్చాను. ఒక ప్లగ్ తీసినప్పుడు వంటింట్లో మిక్సీ కూడా ఆగిందని తర్వాత తెలిసింది.

కాశీవిశ్వనాథం గారు కోప్పడే మనిషి కాదు. పంచె మార్చుకుని వచ్చి నెమ్మదిగా అన్నారు: "గురువారం నుంచి రెగ్యులర్ షూటింగండీ. మొదటి షాట్‌కి మీ డబ్బా లేవకపోతే తీసుకెళ్ళిపోండి. చెన్నై నుంచి ఇంకోటి తెప్పించుకుంటాను. స్వామితో దాగుడుమూతలు నాకొద్దు."

బల్ల కింద కేబుళ్ళ మధ్య కూర్చున్న సోఫియా తల బయటికి పెట్టి, "లేస్తుంది సార్," అంది. గొంతులో మాత్రం అంత నమ్మకం లేదు.

సోఫియా గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. పుట్టి పెరిగింది రహమత్ నగర్లో. తండ్రి సుందర్ రాజు సినిమా యూనిట్లకి జనరేటర్ వ్యాన్ నడుపుతాడు. తల్లి కృపమ్మది నరసాపురం. ఆదివారం చర్చిలో ఫ్యాను కింద బెంచీ దొరకాలంటే ముందే వెళ్ళాలి. కృపమ్మకి తల దువ్వుకోవడానికే ఒక పూట పడుతుంది కాబట్టి, చిన్నప్పటి నుంచీ సోఫియాని ముందు పంపేది, చేతిలో కర్చీఫులు పెట్టి. బెంచీ మీద అమ్మకొకటి, నాన్నకొకటి, పిన్నికొకటి పరిచి, చివర తను కూర్చునేది. పేటలో అందరూ కర్చీఫ్ సోఫియా అనేవాళ్ళు. క్రిస్మస్‌కి నరసాపురం వెళ్ళేటప్పుడు కూడా బస్టాండులో ఆ పిల్లదే బాధ్యత. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరేది. ఒక ఏడాది తప్పు బస్సులో విసిరింది. సుందర్ రాజుకి పెళ్ళిలో పెట్టిన పట్టు కర్చీఫు ఒంటరిగా కరీంనగర్ వెళ్ళిపోయింది.

ఆ పిల్లే ఇంజనీరింగ్ చదివి, కాలేజీ రోజుల నుంచి ఈ డబ్బా పని మీదే కూర్చుంది. అందుకే సినిమా వాళ్ళు తీసుకున్నారని తెలిసిన రోజున కృపమ్మ ఆగలేకపోయింది. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది, నా కూతురి మెషీనులోంచే సినిమా మొత్తం చూస్తారని. ముహూర్తంనాటి భాగోతం శుక్రవారం. ఆదివారం పాస్టరుగారు మైకులో గట్టిగా ప్రార్థన చేశారు: "ప్రభువా, మన సోదరి సోఫియా మెషీను లేచును గాక!" సంఘమంతా ఆమెన్ అంది. సోఫియా కర్చీఫ్‌తో మొహం కప్పుకుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఆఫీసులో అది లేస్తూనే ఉంది. శనివారమంతా స్విచ్ వేసింది, తీసింది. ప్రతిసారీ చక్కగా లేచింది. సోమవారం ఓదెలు వచ్చి చూసి, జేబులోంచి నిమ్మకాయ, మిరపకాయల దండ తీశాడు.

"దిష్టి సారూ. గంత మంది చూసిన్రు గద. కట్టుకోండ్రి, ఏం ఫికర్ లేదు."

కట్టాం. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కృపమ్మ దాన్ని చూసింది. సంచీలోంచి ప్రార్థన నూనె సీసా తీసి డబ్బా నుదుటి మీద, అంటే స్విచ్ పక్కన, వేలితో రాసింది.

"రెండూ ఉండనివ్వండి," అంది సోఫియా, "గాలి కన్నాలు మాత్రం మూయకండి."

అన్నం తింటూ నేనడిగాను, అసలు అది లేచేటప్పుడు లోపల ఏం జరుగుతుందని. సోఫియాకి నాకు అర్థమయ్యేలా చెప్పడం అలవాటే.

"డబ్బాలో కెర్నెల్ అని ఒక మూల ప్రోగ్రాము ఉంటుంది కదా సార్. మిగతా అందరికీ మెమరీలో చోటు పంచేది అదే. అందుకు దానిలో ఒక మేనేజరు ఉంటాడు. మరి ఏ చోటు ఎవరికిచ్చాడో గుర్తుపెట్టుకోవడానికి ఆ మేనేజరుకే బోలెడు చోటు కావాలి. అది ఎవరివ్వాలి?"

"మేనేజరే."

"ఆయన ఇంకా రాలేదు. చోటుంటే గానీ రాడు."

"మరెట్లా?"

"అందుకే ఆయన కంటే ముందు ఒకడు వస్తాడు. పాపం, వాడికి పెద్ద తెలివి ఉండదు. రెండే సంగతులు తెలుసు. మొత్తం చోటు ఎంతుంది, అందులో ఎంత రిజర్వు అయిపోయింది. ఎవరైనా అడిగితే పైనుంచి చూసుకుంటూ వచ్చి, రిజర్వు కాని చోట ఇచ్చేస్తాడు. మేనేజరు లేచాక ఆయనకి అంతా అప్పజెప్పి తప్పుకుంటాడు. యంత్రం నిద్ర లేచేటప్పుడు మొదటి కాసేపు వాడిదే రాజ్యం."

"మా లెక్కనే," అన్నాడు ఓదెలు, పప్పు వడ్డించుకుంటూ. "హీరో వచ్చేదాంక సెట్టుకు నేనే హీరో."

సోఫియా నవ్వి, కాసేపు అతన్నే చూసింది. "ఓదెలన్నా, ముహూర్తం రోజు మీరు చేసినట్టే ఇక్కడ చెయ్యరా? ఏదీ మార్చకుండా."

ఓదెలు దాన్ని చిన్న పనిగా తీసుకోలేదు. మంగళవారం పొద్దున్నే వినాయకుడి పటం, కర్పూరం, కొబ్బరికాయ తీసుకుని వచ్చాడు. పటం బీరువాకి ఆనించాడు. సోఫియా అలవాటుగా డబ్బా స్విచ్ మీద చెయ్యి వేసింది.

"గట్ల గాదు చెల్లె! ముందుగాల కెమెరా."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? దేవుని మీద క్లాప్ గొట్టేటప్పుడు కెమెరా నిద్ర పోతుంటదా? కెమెరామెన్ పొద్దుగాల్నే ఆన్ జేసి పటం మీదికి తిప్పి పెడ్తడు. ఫస్టు హారతి కెమెరాకే. డబ్బాలు గిబ్బాలు అన్నీ దాని ఎనకనే."

ఆఫీసులో మేమెప్పుడూ అలా చేయలేదు. డబ్బా లేచాక కెమెరా తగిలించేవాళ్ళం. ముహూర్తం రోజు సోఫియా బల్ల కింద ఉంది, ఏది ముందు వెలిగిందో చూడలేదు. నేను చూశాను, కానీ నాకేం తెలుసు?

కెమెరా వెలిగింది. హారతి అయింది. ఓదెలు డబ్బా స్విచ్ వేశాడు. వినాయకుడు కనిపించాడు. మాయమయ్యాడు. మళ్ళీ కనిపించాడు. మళ్ళీ మాయమయ్యాడు.

"పోయాడు! పోయాడు!" అని సోఫియా గంతులేసింది. నన్నూ ఓదెలునీ పట్టుకుని ఊపేసింది. మెట్లెక్కి వస్తున్న కృపమ్మ ఆ కేకలు విని, క్యారేజీ అక్కడే పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం తండ్రీ! లేచిందా?" అంది.

"లేవలేదమ్మా! చక్కగా పడిపోయింది!"

కృపమ్మ చేతులు ఎక్కడ దించుకోవాలో తెలియక అలాగే ఉంచింది.

డబ్బా నిద్ర లేస్తూ లోపల్లోపల గొణిగే మాటలు వినిపించే కేబుల్ ఒకటుంది. సోఫియా దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించింది. తెరమీద వరుసలు పరిగెత్తాయి. చదువుతూ చదువుతూ ఆగింది. నుదురు కొట్టుకుంది.

జరిగింది ఇదీ. డబ్బా లేచేదాకా దర్శకులు నల్ల తెర చూడలేరని, సోఫియా అందులో ఒక ఏర్పాటు పెట్టింది. స్విచ్ వేసేసరికి కెమెరా వెలిగి ఉంటే, కెర్నెల్ లేవకముందే ఆ కెమెరా బొమ్మ తెచ్చి మెమరీలో పైభాగాన ఒకచోట పోస్తూ ఉంటుంది. అందుకే వినాయకుడు టక్కున కనిపించాడు. ఆ చోటు రిజర్వు అని చెప్పే మాట కూడా రాసింది. కాకపోతే కెమెరా సంగతి చూసుకునే ప్రోగ్రాములో రాసింది. అది లేచేదే చాలా ఆలస్యంగా. ఈలోపల మేనేజరు కంటే ముందొచ్చే ఆ తెలివి తక్కువవాడు పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఆ చోటు ఖాళీ అనుకుని, మేనేజరు సామానంతా అక్కడే సర్దేశాడు. దానిమీద కెమెరా వినాయకుణ్ణి పోసింది. మేనేజరు కుప్పకూలాడు. డబ్బా తనంతట తానే మళ్ళీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. కెమెరా తర్వాత వెలిగితే మాత్రం, లేచి కూర్చున్న మేనేజరునే అడిగి వేరే చోటు తీసుకుంటుంది. అందుకే ఆఫీసులో ఏ గొడవా లేదు.

"తువ్వాలు వేశాను సార్," అంది సోఫియా. "వెయ్యకపోవడమేమిటి, నేను! కానీ ఓదెలన్న వేసినట్టు వేశాను, నిర్మాతగారు లేచాక."

"నన్నెందుకు తీస్తవ్ మధ్యల?" అన్నాడు ఓదెలు.

కృపమ్మకి మిగతాది అర్థమైందో లేదో గానీ ఆ ముక్క అర్థమైంది. "పాట మొదలయ్యాక కర్చీఫ్ వేస్తే బెంచీ ఎవరాపుతారే? ఇన్నేళ్ళు పంపింది ఇందుకా నిన్ను?" అంది.

సోఫియా, చోటు రిజర్వు అని చెప్పే ఆ ఒక్క మాటనీ కెమెరా ప్రోగ్రాములోంచి తీసి, కెర్నెల్ కళ్ళు తెరవగానే, ఎవరికీ ఏమీ ఇవ్వకముందే చదివే చోట పెట్టింది. మళ్ళీ కెమెరా, మళ్ళీ హారతి, మళ్ళీ స్విచ్. వినాయకుడు కనిపించాడు. మేం పది దాకా లెక్కపెట్టాం. ఆయన అక్కడే ఉన్నాడు.

"పోతలేడు సారూ!" అని ఓదెలు కొబ్బరికాయ కొట్టేశాడు. నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. అది నాది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

గురువారం, అదే బంగళా. నిమ్మకాయ దండతో, నూనె బొట్టుతో డబ్బా బల్లమీదికి ఎక్కింది. కెమెరా ముందు వెలిగింది. దర్శకుడు స్విచ్ వేసి, దండం పెట్టడానికి తొందరపడకుండా కాసేపు చూశాడు. బొమ్మ నిలబడింది. మొదటి షాట్ అయింది, డబ్బా దాన్ని మళ్ళీ వేసి చూపించింది. హీరోయిన్ వెనకాల ఓదెలు ఇడ్లీ తింటూ నడిచి వెళ్ళడం అందులో స్పష్టంగా కనిపించింది. షాట్ మళ్ళీ తీశారు. డబ్బా పని చేస్తోందనడానికి అంతకంటే ఏం కావాలి? సోఫియా బయటికి వెళ్ళి కృపమ్మకి ఫోన్ చేసింది. అవతలి నుంచి వచ్చిన స్తోత్రాలు గేటు దాకా వినిపించాయి.

సోఫియా తిరిగి లోపలికి వచ్చేసరికి కాశీవిశ్వనాథం గారు వచ్చారు. తెర చూశారు, తల ఊపారు, "ఉండనివ్వండి డబ్బాని, సినిమా అయ్యేదాకా," అన్నారు. చెన్నై మాట ఎత్తలేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ కదిలి, వీపు వెనక నుంచి ముతక తువ్వాలు ఒకటి బయటికి లాగారు.

"ఇదేంటమ్మా సోఫియా? పొద్దున్నే నేనింకా ఇంట్లో ఉండగానే నా కుర్చీ మీద ఇది పరిచావంట! ఒళ్ళంతా గుచ్చుకుంటోంది. నేను వచ్చాక అడిగి వెయ్యొచ్చుగా?"

"మీరొచ్చాక వేస్తే అప్పటికే చట్నీ కూర్చుని ఉంటుందండీ."