మన్నూబియా చెప్పని మాట

ట్యునీషియా దక్షిణాన ఆ చిన్న ఊరి పురపాలక కార్యాలయంలో జనన మరణాల నమోదు మన్నూబియా పని. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక్క వేలితో టైపు చేస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం, గాలికి దీపం ఆరిపోకుండా కాచినట్టు ఎడమచెయ్యి అడ్డం పెడుతుంది. ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతకు కొత్త చట్టం వచ్చిందని, ఎవరి పాస్‌వర్డ్ వారిదేనని, అనుమానం వస్తే ఆ రోజే రాజధానికి తెలపాలని శిక్షణలో విన్నప్పటి నుంచీ ఇంతే. తోటివాళ్లు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, చెయ్యి మాత్రం తియ్యదు.

మొన్న మంగళవారం మేనేజరు ఖమైస్ ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. "లల్లా," అన్నాడు, అక్కడ ఆడవాళ్లను మర్యాదగా పిలిచే మాటతో, "రాజధాని నుంచి పెద్దాఫీసరు! నీ పాస్‌వర్డ్ చెప్పకపోతే ఊరి రికార్డులన్నీ పోతాయట. చెప్పెయ్యమ్మా!"

"చెప్పను, సీ ఖమైస్," అంది ఆమె, 'ఖమైస్ గారూ' అన్నంత మర్యాదగానే. "చట్టం ఒప్పుకోదు."

"నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నావే!"

"ఈ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఇందులో ఉంది. మీ మనవరాలిది కూడా."

ఆమె అతని చేతిలోని ఫోను తీసుకుని పెట్టేసి, అప్పటికప్పుడు రాజధానికి ఫిర్యాదు పంపింది. ఖమైస్ ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అసలు అధికారులే ఫోను చేశారు. ఆ గొంతు దొంగదట. ఆమె వెంటనే తెలపబట్టి మిగతా ఊళ్లన్నిటినీ హెచ్చరించగలిగారట.

సాయంత్రం ఖమైస్ ఆమెను తన గదికి పిలిచి, పుదీనా టీ చేతికిచ్చాడు. "నా పాస్‌వర్డ్ ఆఫీసంతటికీ తెలుసు. కొత్తది ఏం పెట్టమంటావు, లల్లా?"

"నన్నడక్కండి. నాకూ తెలియకూడదు," అంటూ ఆమె కుర్చీని గోడవైపు తిప్పుకుని, అతను కొట్టడం అయ్యేదాకా తీరిగ్గా టీ తాగింది.