అందరూ ఒకటో నంబరే

సారు పోయాడన్న మాట శుక్రవారం పొద్దున బహ్రెయిన్‌లో, నయీమ్ బజారులో కూరగాయల కొట్టు ముందు విన్నాను. ఫోన్‌లో మా క్యాంపు వంటమనిషి ఏడుస్తున్నాడు. "అన్నా, సారు లేస్తలేడే. చాయ్ వెట్టి పిలిస్తే పలుకుతలేడు." డ్యూటీ లేని రోజు కూడా అందరికన్నా ముందు లేచే మనిషి. బెండకాయల సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాను. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. అడగవలసినవి ఇంకా ఇన్ని ఉండగా ఈయన ఎలా పోతాడు?

మీలో ఆయన్ను ఎరిగినవాళ్లు ఉండరు. జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాడు. బడి మూతపడితే, దుబాయి పోతున్నానని ఊళ్లో చెప్పి బహ్రెయిన్ వచ్చి, మాతో పాటు రాడ్లు కట్టే పనిలో చేరాడు. చేతులకు బొబ్బలెక్కినా పంతులు బుద్ధి పోలేదు. అంచు సొట్టపోయిన స్టీలు కంచం ఒకటి ఉండేది. దాని ముందు కూర్చుని పాఠం చెప్పకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. మాకేమో పాఠం మొదలైతే నిద్ర ఆగేది కాదు.

ఆయన చెప్పిందంతా ఇంగ్లండు జనం గురించే. రాజుల సంగతి అడిగితే విసుక్కునేవాడు. ఒకరోజు నేను వెక్కిరించాను. "మనల్ని ఏలినోళ్ల ముచ్చట మనకెందుకు సారూ?"

"ఏలింది దొరలురా. ఆ దొరల కింద ఆళ్ల కూలోళ్లు గూడ నలిగిండ్రు. నేతోళ్లు, బొగ్గు తవ్వెటోళ్లు, చెప్పులు కుట్టెటోళ్లు. మాకు ఓటు కావాలె అని, మంచి బట్టలు కట్టుకొని ఆలుపిల్లలతోని మైదానానికి వస్తే, దొరల సిపాయిలు గుర్రాలెక్కి కత్తులతోని నరికిండ్రు. అయినా ఊకున్నరా?"

ఊకోలేదట. లక్షల సంతకాలున్న అర్జీని పెద్ద చుట్టగా చుట్టి మోసుకెళ్తే పార్లమెంటు దర్వాజలో పట్టలేదట. మూడుసార్లు ఇచ్చారట, మూడుసార్లూ కాదన్నారట.

"మరి ఓడినట్టే గద?" అన్నాను.

"ఆళ్లు అడిగినయి తర్వాత ఒక్కొక్కటే వచ్చినయ్. అడగందే అమ్మన్న పెట్టది. మనల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ మన అమ్మ గూడ గాదాయె."

ఈ కబుర్లు నాకు పొద్దుపోవడానికే పనికొచ్చాయి, మా నాయన పోయేదాకా. మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ ఆఫీసు బీరువాలో ఉండేవి. తాళం మేనేజరు దగ్గర, మేనేజరు సెలవులో. నా పాస్‌పోర్టు నా చేతికొచ్చేసరికి నాయన కాలి ఐదు రోజులైంది. తలకొరివి పెట్టవలసినవాణ్ని, ఎయిర్‌పోర్టు పక్కన అరాద్ సైటులో తల మీదుగా విమానాలు పోతుంటే రాడ్లు కడుతూ ఉండిపోయాను.

ఆ పై శుక్రవారం సారు అర్జీ రాశాడు. మా పాస్‌పోర్టులు మా చేతికివ్వండి, అంతే. అందరూ బాగుందన్నారు. పెన్ను మాత్రం ఎవరూ ముట్టలేదు. మొదటి పేరు ఎవరిదో వాణ్నే మొదట ఇంటికి పంపిస్తారని అందరికీ తెలుసు. సారు తన కంచాన్ని కాయితం మీద బోర్లించి చుట్టూ గీత గీశాడు.

"ఎనకట ఇంగ్లండు ఓడలల్ల పనోళ్లు గిట్లనే చేసిండ్రు. కప్తానుకు అర్జీ ఇస్తే ముందు పేరున్నోని మెడకు ఉరి పడుతది. గందుకే పేర్లు గుండ్రంగ పెట్టిండ్రు. గుండ్రానికి మొదలేడుంటది?"

నేనే ముందు పెట్టాను. అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. రోజూ డ్యూటీ షీటులో రాసే అలవాటున, పేరు ముందు 1 అని వేశాను. వంటమనిషి తల పట్టుకున్నాడు. "అయిపాయె. ఖలాస్." నేను ఆ ఒకటిని కొట్టెయ్యబోయాను. సారు మాత్రం పడీపడీ నవ్వాడు.

"మంచిగైందిరా. ఇగ అందరు ఒకటో నంబరే ఏయుండ్రి."

ఇరవై ఎనిమిది పేర్లు, ఇరవై ఎనిమిది ఒకట్లు. మేనేజరు ఆ కాయితాన్ని స్టీరింగులా తిప్పి తిప్పి చూశాడు. "నంబర్ వన్ కౌన్ హై?" అని అరిచాడు. సారు చెయ్యెత్తాడు. ఆయన వెనక నేను. ఆ వెనక ఒక్కొక్కటే అన్ని చేతులూ లేచాయి. మూడు వారాలు సతాయించారు. సైటు నుంచి క్యాంపుకు బస్సు కావాలనే ఆలస్యంగా పంపారు, నోటికొచ్చినట్టు తిట్టారు. నాలుగో వారం పాస్‌పోర్టులు చేతికిచ్చారు.

"ఆళ్లకు మూడు సార్లు, మనకు మూడు వారాలు. మనమే నయం," అన్నాడు సారు. తర్వాత నాతో విడిగా మరో మాట అన్నాడు. "గుండ్రం భయపడెటోళ్ల కోసంరా. భయం పోయినంక వరుసల పెట్టాలె."

ఇప్పుడు ఆయన పోతే, శవాన్ని కార్గోలో పంపుతాం, వెంట వెళ్లడానికి ఎవరికీ సెలవు లేదు అంది ఆఫీసు. ఆయన భార్య ఫోన్‌లో ఒక్కటే అడిగింది. "ఆయనెంట ఎవలన్న ఒక్కరు రాండ్రయ్యా. సామాన్ లెక్క పంపకుండ్రి." ఆ మాట విన్నాక మాలో ఎవరికీ అన్నం సహించలేదు.

సాయంత్రం అందరం గదిలో చేరాం. సారు వెంట ఒకరిని పంపండని అర్జీ ఈసారి నేను రాశాను. ఎవరో అలవాటుగా సారు కంచం తెచ్చిచ్చారు. దాన్ని పక్కన పెట్టి, కాయితం మీద అందరికన్నా పైన నా పేరు రాశాను. దాని ముందు 1 అని, ఈసారి తెలిసే వేశాను. పెన్ను వంటమనిషికి ఇచ్చాను.

ఆఫీసు రెండు రోజులు బిగుసుకుని కూర్చుని, మూడో రోజు ఒప్పుకుంది. ఇది విమానంలో రాస్తున్నాను. సారు కింద పెట్టెలో ఉన్నాడు, పైన నేనున్నాను. విమానం లేస్తుంటే కింద అరాద్ కనిపించింది. జేబులోంచి పాస్‌పోర్టు తీసి, అందులో మడిచి పెట్టిన అర్జీ జిరాక్సు విప్పాను. పై నుంచి కింద దాకా తిన్నగా ఇరవై ఏడు పేర్లు, ప్రతి పేరు ముందూ ఒకటో నంబరు.