బొగ్గుపొడి కరెంటుకు తోవ ఇచ్చిన రోజు

ముందే మన్నించండి, నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. చదివింది ఊరి బడిలోనే. టైపు చేసింది మనవరాలు, తప్పులు మాత్రం నావే. సూరత్‌కు ఊరు చూడటానికి పోలేదు. అల్లుడు రాజేశం సూరత్ పక్కన జోల్వాలో పెట్టుకున్న చిన్న షెడ్డు నిలుస్తుందో మూతపడుతుందో ఆ రోజు తేలాలి. రాపిడికి కరెంటు పుట్టి పాలిస్టర్ దారం సాంచెలకు, అంటే మరమగ్గాలకు, అంటుకుంటుంది, తెగుతుంది. ప్లాస్టిక్‌లో బొగ్గుపొడి కలిపి దారం నడిచే గిలకలు చేస్తే, ఆ కరెంటు గిలక గుండా నేలకు దిగిపోతుంది. రాజేశం చేసేవి అవే. వాటిని కొనాల్సిన సాంచెల సేఠ్ అంతకుముందే ఓసారి తిప్పిపంపాడు. ఈసారీ కరెంటు పారకపోతే, రాజేశం మళ్లీ పాండేసర రంగుల మిల్లుకు కూలికి పోవాల్సిందే.

పొద్దున ఏడింటికి పర్వత్ పాటియాలో షేర్ ఆటో ఎక్కాను. కడోదరలో మారాలి. రెండింటికీ కలిపి యాభై రూపాయలు దాటలేదు. మొదటి ఆటో డ్రైవరు మన కరీంనగర్ వాడే.

"ఏంది పెద్దయ్యా, చీరల కోసమచ్చినవా?"

"కాదు బిడ్డా, బొగ్గు సూడ వోతున్న."

"సూరత్‌కచ్చి బొగ్గా!" అని దారంతా నవ్వాడు.

షెడ్డులో రాజేశం గిలకకు రెండు వైపులా మీటరు తీగలు ఆనించి చూస్తున్నాడు. కరెంటు పారితే మీటరు కుయ్యిమనాలి, చప్పుడు లేదు. "సరుకును మూడుసార్లు కలిపే మిషన్ల ఏసి తీసిన మామా. ఒక్క చార లేదు, నిగనిగలాడుతంది. గిట్లెందుకైతది?" అన్నాడు. ఏళ్ల తరబడి రంగుల మిల్లులో చేసినవాడు. రంగు సమంగా పట్టేదాకా కలపడం అతని చేతికి అలవాటు.

నా బిడ్డ సుజాత మూలన పడేసిన చారల గిలక ఒకటి తెచ్చింది. ఒక్కసారే మిషన్‌లో వేసిన సరుకుతో చేసినది. తీగలు ఆనించగానే మీటరు కుయ్యిమంది.

"నువ్వు రంగేస్తున్నవయ్యా! గిది రంగు కాదు. కలిపి కలిపి తొవ్వ తెంపినవ్" అంది.

నిజమే. బొగ్గు నలుసులు ఒకదాన్నొకటి తాకుతూ బారు కడితేనే కరెంటు నడుస్తుంది. మరీ నూరితే విడిపోతాయి, మధ్యన ప్లాస్టిక్ అడ్డం పడుతుంది.

మధ్యాహ్నానికి ఒక్కసారే కలిపిన సరుకుతో కొత్త గిలకలు పోసి సేఠ్ దగ్గరికి తీసుకుపోయాం. "యే దాగ్‌వాలా మాల్?" అని గిలకల మీది చారలు చూసి ముఖం చిట్లించాడు. "చలాకే దేఖో సేఠ్" అని, నడిపి చూడమన్నాడు రాజేశం. ఒక సాంచెకు గిలకలు బిగించాక అది నడిచింది. సేఠ్ దారం పక్కన చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ నిక్కే రోమాలు నిక్కలేదు. దారం అంటలేదు, తెగలేదు. అన్ని సాంచెలకూ ఇవే బిగించమన్నాడు.

"ఇగ నిగనిగలు బంద్!" అంది సుజాత.

నేను మాటలు తక్కువ మనిషిని. ఆ సాంచెల మోతలో మాత్రం గట్టిగా ఒక కేక వేశాను. ఎవరికీ వినపడలేదు, అయినా గుండె నిండింది. జోల్వా పోయేవాళ్లకు ఒక మాట: నూలు చొక్కా వేసుకోండి, పాలిస్టర్ చొక్కా అక్కడ ఒంటికి అతుక్కుంటుంది. మీ వైపు సాంచెల మీద దారం అంటుకుంటే ఏం చేస్తారో తొందరగా రాయండి. రాజేశానికి ఇప్పుడు చేతినిండా పని, మీ జవాబు చదివి వినిపించే ఓపిక నాకుంది.